డ్రోన్ బ్యాటరీని నిండుగా దాచొద్దు

ఎస్పీ రోడ్డులో కొన్న లిపో బ్యాటరీలు మన వఠారాల్లోకీ వచ్చేశాయి. కాలేజీ ప్రాజెక్టు, డ్రోను అంటూ పిల్లలు తెస్తున్నారు, సంతోషమే. పరీక్షలొస్తే మాత్రం ఫుల్ ఛార్జి పెట్టి బీరువా మీద పడేస్తారు. అక్కడే చిక్కు.

సెల్‌కి ఫుల్ అంటే 4.2 వోల్టులు. వారాల తరబడి అలాగే ఉంటే లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతుంది. ఖాళీ చేసి దాచినా నష్టమే. 3 వోల్టుల కిందికి జారితే సెల్ పాడైనట్టే. దాచేటప్పుడు 3.8 నుంచి 3.85, అంటే దాదాపు సగం ఛార్జి ఉండాలి. మూడు సెల్స్ ప్యాక్‌కి మొత్తం 11.4 నుంచి 11.55. మంచి ఛార్జర్లలో ‘స్టోరేజ్’ అని ఉంటుంది, అది పెడితే చాలు, సరిగ్గా అక్కడికి తెచ్చి ఆపేస్తుంది.

మనవేమో ఒంటిగది ఇళ్లు, ఛార్జర్ పక్కనే పరుపు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి పెట్టనివ్వకండమ్మా, డబ్బు పోతే పోయింది.