బాతుపిల్ల కోడిపిల్ల కాదు

దాళ్వా కోతలయ్యాయంటే మన డెల్టాలో కోసిన చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. ఆ మందల కోసం తెచ్చిన పిల్లలు రెండు వారాలు తిరక్కుండానే కాళ్లు చాపేసి చతికిలబడుతుంటే, తప్పంతా పెంపకందారుదే అంటున్నారు. మేం ఒప్పుకోం.

దాణా కొట్టుకెళ్తే బాతుపిల్లకీ కోడిపిల్లల స్టార్టరే అంటగడతారు. నయాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లకు కిలో దాణాలో 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది, బాతుపిల్లకు 55 కావాలి. తగ్గితే మడమ కీలు వాచి దొడ్డికాళ్లొస్తాయి. తొలిరోజుల్లోనే ఈస్ట్ గానీ నయాసిన్ గానీ అందితే లేచి తిరుగుతుంది, ఎముక వంకర తిరిగాక ఏం పోసినా దండగే. ఒట్టి నూకలతో నెట్టుకొచ్చేవాళ్లకూ ఇదే గతి.

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఇంకో గండం. అందులోని అఫ్లాటాక్సిన్ విషాన్ని పట్టుకోవడానికి 1960లలో శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టింది ఒకరోజు బాతుపిల్లల మీదే. కోడి తట్టుకున్న దాణాకు బాతుపిల్ల రాలిపోతుంది మరి! అరవై ఏళ్ల నాటి ఈ సంగతి దాణా అమ్మేవాళ్లకు ఇంకా చేరలేదా?

అన్నీ దాణా వల్లే అనడం లేదు. కాళ్లతోపాటు మెడ కూడా వాలిపోతే, కుళ్లిన కళేబరాలున్న మడుగు నీళ్లను అనుమానించాలి. ఆ తేడా చెప్పాల్సింది పశువుల ఆసుపత్రి.

బాతుల దాణా వేరేగా అమ్మాలి. సంచి మీద నయాసిన్ ఎంతో, తయారైన తేదీ ఏమిటో తెలుగులో వేయాలి. ఈ నెల మండల సమావేశానికి ఖాళీ సంచులూ, బిల్లులూ పట్టుకురండి.