గడప దగ్గర ప్రశ్న



లింగంపల్లి పరిసరాలలో ఒక హాస్టల్ గదిని ఊహించుకోండి. ఒకే వైఫైకి నలుగురి కంప్యూటర్లు, ఫోన్లు, ఒక ప్రింటరు కలిసి ఉంటాయి. వారిలో ఒకరు లినక్స్ నేర్చుకొనే నిమిత్తం తన మాక్ కంప్యూటరులో వర్చువల్ మెషీన్ తెరుస్తారు. వెంటనే తెరపై ఒక ప్రశ్న వస్తుంది: స్థానిక నెట్‌వర్కులోని పరికరాలను ఈ సాఫ్ట్‌వేర్ వెదకవచ్చునా? చదవకుండానే 'సరే' నొక్కడం మనకు అలవాటైపోయింది. ఈ అలవాటును గూర్చియే నా మనవి.

యంత్రంలో యంత్రాన్ని నడిపే విద్య కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే దానిని తన పెద్ద కంప్యూటర్లకు అందించింది. కొత్తది ఈ ప్రశ్న. ఆపిల్ సంస్థ దీనిని 2020లో ఐఫోన్లలోను, 2024లో సెకోయా అనే మాక్ వ్యవస్థలోను ప్రవేశపెట్టింది. ఇంటిలో ఏయే పరికరాలున్నవో తెలిస్తే ఆ ఇంటివారి సంగతులు కొన్ని తెలిసినట్లే కదా!

ఇందులో రెండు విషయాలు గమనింపదగినవి. అనుమతి ఇచ్చేది వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేరుకు. దాని లోపల నడిచే ప్రతి ప్రోగ్రాము ఆ అనుమతి చాటున బయటికి రాగలదు. రెండవది, 'సరే' అన్నది ఒక్కరే అయినా బయటపడేవి గదిలోని అందరి పరికరాలు.

పదేపదే అడిగితే పని సాగేదెట్లా అని కొందరంటారు. ఆ విసుగు న్యాయమైనదే. ప్రశ్నలోని మాటలు కూడా అంత స్పష్టంగా ఉండవు. అయితే వర్చువల్ మెషీన్‌ను న్యాట్ పద్ధతిలో నడిపితే ఇంటర్నెట్టుకు సాధారణంగా ఈ అనుమతి అక్కరలేదు. ప్రింటరుతోనో, పక్క కంప్యూటరుతోనో మాట్లాడవలసినప్పుడే అది అవసరం. ముందు కాదన్నా, తరువాత సెట్టింగులలో మార్చుకొనవచ్చును.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని చెబుతున్నది. చదవకుండా నొక్కిన 'సరే' అటువంటి సమ్మతి ఎట్లా అవుతుంది?

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: కంప్యూటర్ ప్రయోగశాలలో మొదటి పాఠంగా ఈ ప్రశ్ననే బోధింపజేయండి. తెలుగులో అనుమతి అన్నా, ఉర్దూలో ఇజాజత్ అన్నా అర్థం ఒక్కటే. అడిగినవాడెవడో, ఎందుకు అడిగాడో తెలుసుకొన్న తరువాతనే తలుపు తీయడం వివేకం.