సాంచెలు ఆగిన రోజు

చలికాలంలో చేప ఎర సరిగా అందుకోదు. నీళ్లు చల్లబడితే దాని ఒళ్లు మందగిస్తుంది, తిన్నది త్వరగా అరగదు, ఆకలి తగ్గుతుంది. తెల్లవారుజామున గాలం వేస్తే బెండు కదలనే కదలదు. పొద్దెక్కి, ఒడ్డు వార నీళ్లు కాస్త వెచ్చబడ్డాకే చిన్న పరకైనా ఎర దగ్గరికి వస్తుంది. ఇదంతా తెలిసీ సూరత్‌లోని మన తెలుగు నేతగాళ్లలో కొందరు మిత్రులు గాలాలు పట్టుకుని తాపీ నది ఒడ్డున కలుసుకునేది సంక్రాంతి చలిలోనే. చేపకు నచ్చని కాలాన్ని వీళ్లెందుకు ఎంచుకున్నారు?

జవాబు సాంచెల్లో, అంటే మరమగ్గాల్లో ఉంది. తెలంగాణలో చేనేత చితికినకొద్దీ పద్మశాలి కుటుంబాలు సోలాపూర్, భివండి, సూరత్ దారి పట్టాయి. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు వాళ్ల గల్లీలున్నాయి. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడులున్నాయి, ఏటా బతుకమ్మ ఉంది. పనికి మాత్రం 12 గంటల పాళీ. ఒకరిది పగటి పాళీ అయితే ఇంకొకరిది రాత్రి పాళీ. ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితులు వారాల తరబడి గుమ్మంలోనే ఎదురుపడతారు, ఒకరు డ్యూటీకి పోతూ, ఒకరు నిద్రకు వస్తూ. కూలి మీటరు లెక్కన. సాంచె ఆగితే కూలీ ఆగుతుంది. దీపావళికి కార్ఖానాలు మూతపడగానే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వైపు వెళ్లిపోతారు. ఎండాకాలం ఒడ్డున నిలవలేం. వానాకాలంలో తాపీ దగ్గరికి పోవడానికి గుండె చాలదు. 2006 ఆగస్టులో ఎగువన ఉకాయి ఆనకట్ట నుంచి వచ్చిన నీళ్లు నగరంలో అత్యధిక భాగాన్ని ముంచిన సంగతి ఇక్కడెవరూ మరచిపోలేదు. ఇక మిగిలేది ఉత్తరాయణం, అంటే మన సంక్రాంతి. జనవరి 14, 15 తేదీల్లో సూరత్ మొత్తం మేడల మీదికెక్కి పతంగులు ఎగరేస్తుంది. చాలా సాంచెలు ఆగుతాయి. రెండు పాళీల వాళ్లూ ఒకేసారి మేలుకొని ఉండే అరుదైన రోజులవి.

ఆ రోజు నగరం బయట కామ్రేజ్ దాటి టింబా వైపు, గల్తేశ్వర్ గుడికి ఎగువన ఒడ్డు వెంట కూర్చుంటారు. సరంజామా పెద్దగా ఏమీ ఉండదు. వెదురు కట్టె, నైలాను దారం, చిన్న సీసపు గుండు, బెండు, తడి మట్టిలో తవ్వి తెచ్చిన ఎర్రలు. ఊళ్లో ఉంటే ఇలాంటి చోటికి కల్లు ముంతలు వచ్చేవి. ఇది మద్యనిషేధం ఉన్న రాష్ట్రం కాబట్టి పొద్దున్నే నీరా తెచ్చుకుంటారు. దక్షిణ గుజరాత్‌లో చలికాలపు ఉదయాల్లో అది దొరుకుతుంది. పక్కన పొంక్ పొట్లాలు. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలవి, మన ఊచబియ్యమే. సూరత్ వాళ్లు నిమ్మకాయ సేవ్ కలుపుకుని తింటారు, మన వాళ్లు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి అడుగుతారు.

"గుంజిందా అన్నా?"

"ఏడ గుంజుడు బావా! ఎర్ర నానుతుంది, గంతే."

ఇంత నెమ్మదిగా మాట్లాడుకోవడం వాళ్లకు మామూలుగా కుదిరే పని కాదు. సాంచెల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. అక్కడ మాటంటే అరుపు, లేకపోతే చేతి సైగ. ఏళ్లు గడిచేసరికి చెవులు మొద్దుబారతాయి. ఇంటికొచ్చాక కూడా గట్టిగా మాట్లాడతారని పిల్లలు విసుక్కుంటారు. నది ఒడ్డున మాత్రం గొంతులు వాటంతటవే దిగుతాయి. పెద్దాయన ఒకరు మానేరు నదిలో వాలుగ పట్టిన కథ మొదలుపెడతారు. సూరత్‌లోనే పుట్టిన కుర్రాడు మానేరును ఎన్నడూ చూడలేదు, అయినా ఆ కథలోని మడుగు ఎక్కడుందో అడిగి తెలుసుకుంటాడు. బిడ్డ పెళ్లి, ఊళ్లో అమ్ముకున్న ఇల్లు, బాకీ కోసం వెంటపడుతున్న చిట్టీల మనిషి, ఇవన్నీ ఆ బెండ్ల మీద చూపు పెట్టుకునే చెప్పుకుంటారు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పుకోలేని కష్టాలు, ఇద్దరూ నీళ్ల వైపు చూస్తున్నప్పుడు బయటికొస్తాయి.

అందుకే ఈ కలయికను నేను కాలక్షేపం అనను. తీరిక అనేది ఒక్కొక్కరికి విడివిడిగా దొరికితే నిద్రకే సరిపోతుంది. నలుగురికీ ఒకేసారి దొరికితేనే స్నేహమవుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 9 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికొక సెలవు ఉండాలనీ 1948 నాటి కర్మాగారాల చట్టమే రాసింది. ఆ మాట సాంచెల షెడ్డు దాకా నడిచి రాలేదు. మీటరు లెక్కన కూలి ఇచ్చే చోట కూర్చున్న ప్రతి నిమిషమూ నష్టమే అని మనిషికి అలవాటైపోతుంది. గాలం ఆ అలవాటును విడిపిస్తుంది. ఇక్కడ ఎంత తొందరపడ్డా చేప త్వరగా రాదు. ఊరికే కూర్చోవడం తప్పు కాదని ఆ ఒక్క రోజైనా ఒంటికి తెలుస్తుంది.

అయితే కూర్చోవడానికి నది మిగలాలి. ముల్తాయి దగ్గర పుట్టి 724 కిలోమీటర్లు పడమరకు నడిచి సముద్రంలో కలిసే తాపీకి 1972లో ఉకాయి ఆనకట్ట వచ్చింది. సూరత్ దగ్గర సింగణ్‌పోర్ కాజ్‌వే 1995లో వచ్చింది. పోటు నీటి ఉప్పు పైకి రాకుండా ఆపి, నగరానికి తాగునీరు నిలిపేది ఆ కాజ్‌వేనే. దాని మేలు కాదనలేం. కానీ పారే నది అక్కడ చెరువులా నిలిచింది. మురుగు కలిసిన చోటల్లా గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంటుంది. అది కమ్మేసిన నీళ్లకు వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గుతుంది, చేప దూరం జరుగుతుంది. గాలాల వాళ్లు ఊరు దాటి టింబా దాకా పోవడానికి కారణం ఇదే. ఈ నగరపు బట్ట నేసే మనిషికి ఈ నగరపు నది ఊళ్లో అందడం లేదు.

నీళ్లు అందరికీ అందే చోట్లూ ఉన్నాయి. ఫిన్లాండ్‌లో మామూలు గాలపు కర్రతో చేపలు పట్టడం, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి గాలం వేయడం ప్రజలందరి హక్కు. కొన్ని ప్రత్యేక ప్రాంతాలు తప్పిస్తే దానికి రుసుము లేదు, అనుమతి అక్కర్లేదు. నీళ్ల దగ్గర కూర్చోవడం పౌరుడి హక్కుగా చూసిన సమాజం అది. సూరత్‌లో తాపీ రివర్‌ఫ్రంట్ గురించి చాలా కాలంగా మాట నడుస్తోంది. ఎత్తైన గోడ, రెయిలింగు, దీపాల వరుస వస్తే నది చూడటానికి బాగుంటుంది. నీళ్లలోకి దిగే మెట్లు, గాలం వేసుకునేందుకు కొంత మట్టి ఒడ్డు, టికెట్టు లేని దారి కూడా ఆ పటంలో ఉండాలి. తరతరాలుగా ఈ నది మీదే బతికే స్థానిక జాలర్ల పడవలకు చోటు అన్నిటికంటే ముందు ఉండాలి. మనం సరదాకు వచ్చే వాళ్లం, వాళ్లకది అన్నం.

మన మిత్రులకూ ఒక మాట చెప్పాలి. ఆ ఒడ్డున ఇంతవరకు అందరూ మగవాళ్లే. ఇంట్లో చీరలకు రాళ్లు అంటించి, దారాలు కత్తిరించి, ముక్కకింత చొప్పున కూలి తెచ్చే ఆడవాళ్లకు పాళీ అనేదే లేదు కాబట్టి సెలవు కూడా లేదు. పండగ రోజున వాళ్ల పని రెట్టింపవుతుంది. తీరిక హక్కు అని మనం సేఠ్‌ను అడగదలచుకుంటే, ముందు ఆ హక్కు ఇంట్లో పంచాలి. వచ్చే ఉత్తరాయణానికి వంట ఒడ్డునే పెట్టుకుందాం, పొయ్యి మగవాళ్లం చూద్దాం, గాలం ఆడవాళ్ల చేతికిద్దాం. ఆనకట్ట నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియదు కాబట్టి పిల్లల్ని లోతుకు పోనివ్వకుండా ఒకరు కాపలా ఉందాం. తెచ్చిన కవర్లు, సీసాలు తిరిగి తీసుకుపోదాం, తెగిన నైలాను దారం ఒక్క మూర కూడా నీళ్లలో వదలవద్దు.

సాంచెల యజమానులు వారంలో ఒక రోజు రెండు పాళీలకూ కలిపి సెలవిస్తే వాళ్ల వ్యాపారం మునిగిపోదు. దీపావళికీ ఉత్తరాయణానికీ ఆగుతున్న మగ్గం వారానికొకసారి ఆగినా మళ్లీ నడుస్తుంది. ఆ సెలవు అడగడానికి సంఘం కావాలి, సంఘానికి ఒకరి మాట ఒకరు వినే అలవాటు కావాలి. ఆ అలవాటు మన వాళ్లకు నది ఒడ్డున ఇప్పటికే మొదలైంది.