మూడవ బొమ్మ

పాతదానికి రక్షణ సవరణలు ఇక రావని విని, మావారు గతమాసమున ఇంటి కంప్యూటరునకు క్రొత్త డెస్క్‌టాపు వేసిరి. మరునాడు చూడగా తెర అడుగునుండు పట్టీ లేదు. తెఱచిన పుటను క్రిందికి దించు గుర్తును లేదు. మేము నాలుగుదినములు విసిగి అలవాటుపడితిమి. అత్తగారి సంగతి వేరు. వారికి చూపు మందము. ఎడమప్రక్క అడుగున మూడవ బొమ్మ నొక్కినచో దూరదేశమందున్న కూతురు కనబడునని మాత్రమే ఎఱుగుదురు. ఆ చోట నేమియు లేకపోగా, "నేనే పాడుచేసితినమ్మా" యని లేచిపోయి, మరల ఆ గదిలోనికి రాలేదు.

సోదరీమణులారా, వండువారి నడుగక పోపులపెట్టె గిన్నెలు మార్చినచో మన మోర్తుమా?

2011వ సంవత్సరమున గ్నోమ్ అను డెస్క్‌టాపు మూడవ రూపము వెలువడినపుడు, సమ్మతింపనివారు పాతరూపమునే మాతే అను పేర నిలుపుకొనిరి. అది దక్షిణామెరికాలో కాచి త్రాగెడి యాకు పేరు! మేము దానినిగూడ వేయించితిమి. సంకేతపదము వ్రాయు తెరమీద చక్రపు గుర్తును నొక్కి, ఏది కావలెనో ఎంచుకొనవచ్చును. మూడవ బొమ్మను యథాస్థానమున నుంచి, నిన్న సాయంకాలము అత్తగారిని పిలిచితిమి. వచ్చిరి గాని, మా చేయి పట్టుకొని, "చెడిపోదు గదా?" యని రెండుమారు లడిగిరి.