సెక్షన్ మార్చాల్సింది ఎవరిని?

ఏడో తరగతి పిల్లాడి యూనిఫాం చొక్కాకి వీపంతా ఇంకు మరకలు. కాలరు దగ్గర కుట్టు ఊడిపోయింది. మా వీధిలో ఉండే ఆ తల్లి చొక్కా పట్టుకుని స్కూలుకెళ్తే, 'పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అమ్మా. కావాలంటే మీవాణ్ణి బి సెక్షన్లో వేస్తాం' అన్నారట. వినగానే నాకు ఒళ్లు మండింది. దెబ్బలు తిన్నవాడు స్నేహితుల్ని వదులుకుని పోవాలి, కొట్టినవాళ్లు అదే బెంచీ మీద దర్జాగా కూర్చోవాలా?

ఇంట్లో ఇచ్చే సలహా ఇంకా ఘోరం: 'నువ్వూ ఒకటి పీకు'. నలుగురు కలిసి మీద పడితే ఒక్కడు ఎవర్ని పీకుతాడు?

పెద్దలు పూనుకుంటే ఏమవుతుందో నార్వే చూపింది. 1982లో అక్కడ ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నారు. తోటివాళ్ల వేధింపులే కారణమని పత్రికలు రాయడంతో దేశం కదిలిపోయింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం బళ్లన్నిటా కార్యక్రమం మొదలుపెట్టింది. విరామ సమయంలో పెద్దల కాపలా, తరగతికో నియమావళి, ఇరువైపుల తల్లిదండ్రులతో మాటలు. బెర్గెన్ బళ్లలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయని మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ లెక్క తేల్చాడు. బాధ్యత పెద్దలు తీసుకున్నారు కాబట్టే తగ్గాయి.

మన సీబీఎస్ఈ కూడా వేధింపుల నివారణకు కమిటీలు వేయమని 2015లోనే బళ్లకు చెప్పింది. మీ స్కూల్లో ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి చూడండి. పిల్లాడు చెబుతుంటే 'ముందు నువ్వేం చేశావ్?' అనకండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు చూశారు, అన్నీ కాగితం మీద పెట్టి ప్రిన్సిపాల్‌కివ్వండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడా పట్టించుకోకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

అసలు ఆ బి సెక్షన్ ఏమిటనుకున్నారు? మార్కులు తక్కువ వచ్చినవాళ్ల సెక్షన్. స్టార్ బ్యాచ్, డల్ బ్యాచ్ అంటూ పదకొండేళ్ల పిల్లల్ని విడగొట్టి, ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో పొద్దున్నే పాఠంగా చెబుతున్నది స్కూలే. హాజరు వేస్తూ 'ఏరా మొద్దూ' అని సారు పిలిస్తే క్లాసంతా నవ్వుతుంది. లంచ్ బెల్ కొట్టాక, వ్యాన్ వెనక సీట్లో, బాత్రూముల దగ్గర పిల్లలు అదే పేరుతో వాణ్ణి తరుముతారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తంతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. సారు నోట ఆ పిలుపు వేధింపు కాదా? ర్యాంకుల వారీ సెక్షన్లు ఈ జూన్‌కే ఎత్తేయాలి. అడ్మిషన్‌కు వెళ్లే ప్రతి తల్లీతండ్రీ ఫీజు గురించి బేరమాడేముందు ఆ మాట గట్టిగా అడగాలి.