బ్రేకు వణికితే చెయ్యి వదలకండి

బైకు మీద నుంచి పడి మా క్యాజువాలిటీకి వచ్చినవారిని "ఏమైంది బాబూ?" అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "గట్టిగానే బ్రేకు వేశాను సిస్టర్, అయినా బండి జారిపోయింది." వారు అబద్ధం చెప్పడం లేదు. చాలాసార్లు గట్టిగా వేసినందుకే జారుతుంది.

గేదె అడ్డం వస్తుంది. భయంతో చెయ్యి ఉన్న బలమంతా పెడుతుంది. చక్రం తిరగడం ఆగుతుంది, బండి మాత్రం ఆగదు. బిగుసుకున్న చక్రం రోడ్డు మీద జారుతుంది, హ్యాండిల్ తిప్పినా మాట వినదు. అది ముందు చక్రమైతే రెప్పపాటులో మనిషి కింద ఉంటాడు.

ఏబీఎస్ చేసే పని ఇక్కడే. చక్రం పక్కనున్న సెన్సారు అది ఎంత వేగంగా తిరుగుతున్నదో చూస్తూ ఉంటుంది, ఐసీయూలో మానిటరు నాడిని చూసినట్లు. చక్రం బిగుసుకోబోతే చిన్న కంప్యూటరు బ్రేకు ఆయిల్ ఒత్తిడిని కాస్త తగ్గిస్తుంది, చక్రం కదలగానే మళ్లీ పెంచుతుంది. సెకనులో ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. ఎంత అనుభవమున్న చెయ్యి అయినా అంత త్వరగా వదిలి పట్టలేదు.

అలా జరిగేటప్పుడు లివరు చేతి కింద గడగడ వణుకుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదన్నదే మా బాధ. కొత్త బండి కొన్న ఒక యువకుడు వానలో ట్రాక్టరు వెనుక బ్రేకు వేశాడు. లివరు వణికేసరికి పాడైందనుకొని వదిలేశాడు. కాలిలో రాడ్డు పడింది, మూడు నెలలు పనికి పోలేదు. షోరూములో మైలేజీ చెప్పారట, వాయిదాలు చెప్పారట, ఇది చెప్పలేదట. తాళం చేతికిచ్చే ముందు ఈ ఒక్క మాట చెప్పడం అమ్మేవారి బాధ్యత అని మా అభిప్రాయం.

125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, 2019 ఏప్రిల్ నుంచి అటువంటి కొత్త బళ్లన్నిటికీ మన దేశంలో ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు చిన్న బళ్లకు సీబీఎస్ ఉన్నా చాలని అప్పటి నియమం. ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పడటమే సీబీఎస్, చక్రం బిగుసుకోకుండా అది ఆపలేదు. మన ఇళ్ల ముందు ఎక్కువగా ఉండేవి ఈ చిన్న బళ్లే. అల్లుడికి బండి కొనిచ్చే మామగారు రంగు అడుగుతారు, బ్రేకు సంగతి అడగరు. కొంచెం డబ్బు ఎక్కువైనా ఏబీఎస్ ఉన్నదే అడగండి.

అది ఉందని ధైర్యంగా దూకుడు చేయకండి. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద, ఇసుకలో బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టవచ్చు. మలుపులో వంగినప్పుడు అది మిమ్మల్ని నిలబెడుతుందన్న నమ్మకం లేదు. కొన్ని బళ్లలో ముందు చక్రానికే ఉంటుంది, వెనుకది జారవచ్చు. హెల్మెట్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ దీపం వెలుగుతుంది, బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకు పడుతుంది గాని ఏబీఎస్ పనిచేయడం లేదన్నమాట. ఆ రోజే మెకానిక్‌కు చూపించండి.