ఇంధనం పెంచితే బలం పెరుగునా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, ఝపటాపూర్ వంటి పేటల్లో, టర్బో అనేది కార్లతో వచ్చిన కొత్త మాట కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి వర్కుషాపు పనులకై మన ఉత్తర కోస్తా జిల్లాల నుండి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఆ పట్టణంలో స్థిరపడి ఉన్నాయి. ఆవిరి ఇంజన్లు వెనుకబడి డీజిలు ఇంజన్లు వచ్చిన నాటి నుండి రైల్వే ఫిట్టర్లకు టర్బో నిత్యం చేతిలో మెదిలే వస్తువైంది. 1962లో అమెరికా నుండి దిగుమతి అయి, ఆ తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనుకు 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, తోడుగా ఒక టర్బో. అంతటి యంత్రాన్ని విప్పి బిగించిన చేతికి ఇంటి ముంగిట నిలిచిన చిన్న డీజిలు కారు ఒక లెక్కలోనిదిగా తోచకపోవడం సహజమే. ఆ అనుభవం చాలావరకు ఉపకరిస్తుంది. ఒక్కచోట మాత్రం ఆ చేతినే బలి కోరుతుంది.

టర్బో సూత్రానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందాడు. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండవ కొసనున్న మరో చక్రంతో గాలిని అదిమి సిలిండర్లలోకి పంపడమే ఇందులోని కిటుకు. కార్లలోని చిన్న టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. బలమిచ్చేది ఇంధనమే కనుక దానిని పెంచితే చాలునని చాలామంది భావిస్తారు. కాని ఒక పాలు డీజిలు పూర్తిగా కాలడానికి తూకంలో సుమారు పధ్నాలుగున్నర పాళ్ళ గాలి కావాలి. పొయ్యి నిండా కట్టెలు కుక్కితే పెరిగేది మంట కాదు, పొగ. మన అమ్మమ్మలకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

పెట్రోలు టర్బోలో ప్రమాదం రెండో వైపు నుండి వస్తుంది. అక్కడ గాలి ఎక్కువై ఇంధనం చాలకపోతే వేడి మితిమీరి, ఇంజనులో కొట్టుడు మొదలై, పిస్టను తలకు చిల్లు పడవచ్చు. సాధారణ ఇంజనుకు ఇంట్లో టర్బో అమర్చేవారు మరచేది ఇదే. ఇంజెక్టరు వద్ద ఇంధన పీడనం 3 బార్ అనుకుందాము. టర్బో 1 బార్ గాలిని ఎదురు తోస్తే, ఇంధనాన్ని బయటికి నెట్టడానికి మిగిలేది 2 బారే. పారుదల సుమారు 18 శాతం తగ్గుతుంది. అవసరం పెరిగిన క్షణంలోనే సరఫరా తగ్గుతుందన్నమాట. గాలి పీడనంతో పాటు ఇంధన పీడనాన్నీ పెంచే రెగ్యులేటరు ఉన్న బండిలో, దానికి తగిలించిన సన్నని రబ్బరు గొట్టం చీలినా ఫలితం ఇంతే.

డీజిలు కార్లకు బలం పెంచుతామని కొందరు ‘ట్యూనింగు పెట్టె’లు అమ్ముతారు. వీటిలో చాలావాటి పని అబద్ధం చెప్పడం. ఇంధన పీడనం ఉన్నదానికన్నా తక్కువగా ఉన్నట్లు కంప్యూటరుకు చూపుతాయి. అది నమ్మి పీడనం పెంచుతుంది. మొదటి వారం కారు లేడిలా దూకుతుంది. ఆ వేడిని భరించవలసినది మాత్రం అల్యూమినియం పిస్టనూ, టర్బో చక్రమూను. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన తీరును యజమాని తన ఇష్టానికి మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అనుమతి పొందిన గ్యాస్ కిట్టు వంటివి వేరు.

మార్చడం కన్నా లోపం కనిపెట్టడం ఇంటివద్ద చేయదగిన పని. బలం తగ్గి నల్లపొగ వస్తే, ఇంధనం జోలికి పోకముందు గాలి దారి చూడండి. ఎయిర్ ఫిల్టరు, టర్బో నుండి ఇంజనుకు పోయే గొట్టాలు, వాటి క్లిప్పులు ముఖ్యం. చీలిన గొట్టం చుట్టూ నూనె మరక కనిపిస్తుంది. పొగ లేకుండానే బలం తగ్గితే డీజిలు ఫిల్టరును, అందులో చేరిన నీటిని అనుమానించాలి. ఆపైన స్టీరింగు కింది సాకెట్టుకు స్కానరు తగిలించి, కంప్యూటరు కోరిన పీడనమూ వాస్తవంగా ఉన్న పీడనమూ ఒకటేనా అని చూడవచ్చు. ఊహించి ఒక్కొక్క భాగాన్నీ కొని మార్చేవాడికి ఆ స్కానరు ఖరీదు ఏపాటిది!

ఇక పాత అలవాటు సంగతి. ఏ సిలిండరు మందగించినదో తెలుసుకోవడానికి రైల్వే షెడ్డుల్లో ఆ పంపు రాక్‌ను ఇంధనం ఆగే స్థానానికి లాగి చెవితో వింటారు. లారీ మేస్త్రీలు పానాతో నాజిలు గొట్టపు నట్టును కాస్త వదులు చేస్తారు. పాత లారీ నాజిలు తెరుచుకునేది సుమారు 200 బార్ వద్ద. పంపు ఒక్కొక్క మోతాదునే తోస్తుంది గనుక నట్టు వదిలితే ఆ మోతాదు కారిపోయి పీడనం పడిపోతుంది.

1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో వచ్చిన ‘కామన్ రైలు’ పద్ధతి వేరు. రైల్వే పట్టణంలో ఈ పేరు వింటే నవ్వు వస్తుందేమో గాని, ఇక్కడ రైలంటే సిలిండర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఇంధనపు గొట్టం. 2007లో మన దేశంలో వచ్చిన స్విఫ్ట్ డీజిలు మొదలు లక్షలాది కార్లలో ఉన్నది ఇదే. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ గొట్టంలో పీడనం నిలిచే ఉంటుంది, బరువు మీద 1,000 బార్ దాటుతుంది. కారు టైరులో ఉండేది 2 బార్ పైచిలుకు. అక్కడ నట్టు వదిలితే కంటికి కనపడని ధార చర్మాన్ని చీల్చి లోనికి చొరబడుతుంది.

డీజిలు నాజిలు వల్ల కలిగిన ఇటువంటి గాయం 1937లోనే అమెరికా వైద్య పత్రికలో నమోదయింది. పైకి సూదిమొన గుచ్చినంత మచ్చ, నొప్పి స్వల్పం. కొన్ని గంటల్లో చేయి వాచి, లోపలి కండ చివికిపోతుంది. వేలు తీసివేయవలసి రావచ్చు. కనుక ఇంజను తిరుగుతుండగా ఆ గొట్టాలపై పానా వేయరాదు. కారుతున్నదేమోనని చేతితో తడమరాదు. ఇంజను ఆపిన వెంటనే విప్పరాదు, పీడనం దిగేదాకా ఆ కారు పుస్తకం చెప్పిన వ్యవధి ఆగాలి. చేతికి తగిలితే పసుపు అద్ది కట్టుకట్టి ఇంట్లో కూర్చోకుండా శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికి ఆ గంటలోనే వెళ్ళాలి. లోనికి పోయినది డీజిలని, అధిక పీడనంతో పోయినదని వైద్యునికి మొదటే చెప్పాలి. మచ్చ చిన్నదిగా ఉండటంచేత చూసేవారు తేలికగా తీసుకునే అవకాశం ఉంటుంది.